బొమ్మ లేని చిత్రంలో అర్థం ఎక్కడ ఉంటుంది? రోత్కో రంగు, పొలాక్ గీత గురించి

ప్రశ్న
అడిగినవారు: న్యూజెర్సీ పాఠకురాలు

గత నెలలో మా అమ్మాయిని తీసుకొని న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు వెళ్ళాను. అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టుల (బొమ్మ లేకుండా రంగుతోనూ గీతతోనూ భావాన్ని చెప్పిన చిత్రకారుల) చిత్రాలున్న గదుల్లో మార్క్ రోత్కో 1958లో వేసిన ‘నం. 16 (ఎరుపు, గోధుమ, నలుపు)’ ముందు తను చాలాసేపు నిలబడి, “అమ్మా, ఇది బాధగా ఉంది” అన్నది. ఆ తరువాత జాక్సన్ పొలాక్ చిత్రం ‘వన్: నంబర్ 31, 1950’ దగ్గర, “ఇది ఒక్కచోట ఉండదు” అన్నది. పన్నెండేళ్ళ పిల్ల ఎవరూ చెప్పకుండానే అన్న ఆ రెండు మాటలూ నాకు సరైనవిగానే తోచాయి, కానీ వాటికి ఆధారం ఆ చిత్రాల్లో ఎక్కడుందో చెప్పలేకపోయాను.

ఎరుపు అంటే కోపం, నలుపు అంటే చావు అన్నట్టు రంగులకు ఒక నిఘంటువు ఏమైనా ఉన్నదా? సంగీతాన్ని విన్నట్టుగా చూడమని కొందరు రాస్తారు. అయితే రాగం వినేవారికి చిన్ననాటి నుంచి చెవిలో పడుతూ వచ్చిన సంప్రదాయం తోడుంటుంది. ఈ చిత్రాల విషయంలో నాకు అటువంటి తోడు లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని అడుగుతున్నాను.

సమాధానం 1
చిత్రకళ బోధించే సభ్యుడు

అమ్మా, నిఘంటువు లేదు. ఉన్నదనుకొని వెతకడం వల్లనే చాలామంది ఈ చిత్రాల ముందు నుంచి నిరాశతో వెళ్ళిపోతారు. రోత్కో చిత్రంలో ఎరుపు దేనికీ గుర్తు కాదు; అది పక్కనున్న నలుపుతో కలిసి మన కంటి మీద ఒక పని చేస్తుంది. మీ అమ్మాయి బాధ అన్నది ఆ పనికి పెట్టిన పేరు.

ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. మొదటిది పరిమాణం. ఆ కాన్వాసు దాదాపు తొమ్మిది అడుగుల ఎత్తు, పదడుగులకు కొంచెం తక్కువ వెడల్పు ఉంటుంది. మనిషి దాని ముందు నిలబడితే చూపు చివరలదాకా రంగే ఉంటుంది కనుక, ఎదురుగా ఉన్న వస్తువును చూస్తున్నట్టు కాక ఒక చోట లోపల ఉన్నట్టు అనిపిస్తుంది. తన చిత్రాలను బాగా దగ్గరగా నిలబడి చూడాలని రోత్కో కోరుకున్నది అందుకే. రెండవది పూత. ఆయన రంగును బాగా పలుచన చేసి పొర మీద పొరగా వేసేవాడు. కింది పొర పై పొరలోంచి తొంగిచూస్తుంది కనుక ఆ నలుపు గోడకు వేసిన రంగులా మూసుకొని ఉండదు, లోపలినుంచి ఏదో వెలుతురు వస్తున్నట్టు ఉంటుంది. మూడవది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, అంచు. ఆయన దీర్ఘచతురస్రాలకు కచ్చితమైన అంచు ఉండదు. ఒక రంగు ఎక్కడ ఆగిందో, రెండవది ఎక్కడ మొదలైందో తేల్చుకోలేక కన్ను అక్కడక్కడే తిరుగుతుంది, ఆ తేలనితనంలో ముదురు రంగు ఒక్కోసారి మీదికి వస్తున్నట్టూ ఒక్కోసారి వెనక్కి పోతున్నట్టూ కనిపిస్తుంది. అవే మూడు రంగులను స్కేలు పెట్టి గీసిన అంచులతో వేసి చూడండి, జెండాలా ఉంటుంది, బాధ ఉండదు.

తాను రంగుల పొందికల కోసం వేయడం లేదని, విషాదం, పరమానందం, వినాశం వంటి మౌలికమైన మానవ భావాల కోసమే వేస్తున్నానని రోత్కో స్పష్టంగా చెప్పాడు. ఆ పట్టింపు ఆయనకు ఎంత గట్టిదంటే, 1958లో న్యూయార్క్‌లోని సీగ్రమ్ భవనంలో రాబోతున్న ఖరీదైన ఫోర్ సీజన్స్ రెస్టారెంటు కోసం చిత్రాలు వేయడానికి ఒప్పుకొని, చాలా చిత్రాలు వేసిన తరువాత, ఆ చోటులో భోజనం చేసి వచ్చి, తన చిత్రాలు అక్కడ ఉండటానికి వీల్లేదని నిర్ణయించుకున్నాడు. వాటిలో తొమ్మిది ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉన్నాయి.

సమాధానం 2
ముగ్గులూ రేఖాచిత్రాలూ వేసే సభ్యురాలు

గీత గురించి నేను చెబుతాను. ముగ్గు వేసిన చేయి ఉన్నవారికి పొలాక్ గీత మరీ పరాయిది కాదని నా అనుభవం. ముగ్గు వేసేటప్పుడు వేళ్ళు నేలను తాకవు. పిండి గాలిలోంచి జారి నేల మీద పడుతుంది. చేయి వేగంగా కదిలితే గీత సన్నబడుతుంది, తడబడి ఆగితే అక్కడ కుప్పగా పడుతుంది. పొలాక్ 1947 నుంచి 1950 దాకా లాంగ్ ఐలండ్‌లోని స్ప్రింగ్స్‌లో తన కొట్టంలో కాన్వాసును నేల మీద పరచి, నాలుగు వైపుల నుంచీ తిరుగుతూ, గట్టిపడిన కుంచెలతోనూ పుల్లలతోనూ, ఇళ్ళకు వేసే ఎనామెల్ రంగును పైనుంచి జారవిడిచాడు. కనుక ఆ గీత చేతి వేగాన్నీ, రంగు చిక్కదనాన్నీ, చేయి ఎంత ఎత్తులో ఉన్నదన్న సంగతినీ తనలోనే దాచుకుంటుంది. మీ అమ్మాయి చూసినది ఆ కదలికనే. పదిహేడడుగులకు పైగా వెడల్పున్న చిత్రంలో ఒక గీతను పట్టుకొని వెంబడించి చూడండి: ఎక్కడ విసిరాడో, ఎక్కడ నెమ్మదించాడో మీ భుజానికే తెలుస్తుంది.

అయితే పోలిక ఇక్కడితో ఆగిపోతుంది, ఆగిన చోటే పొలాక్ కొత్తదనం ఉంది. ముగ్గులో గీత చుక్కలను చుట్టి ఒక ఆకారాన్ని మూసివేస్తుంది. మనం చిన్నప్పటి నుంచి నేర్చుకున్న గీతల పని అదే, దేనికో ఒకదానికి హద్దు కావడం. పొలాక్ గీత దేనికీ హద్దు కాదు. దానికి లోపలా బయటా ఉండవు కనుక కన్నుకు నిలవడానికి చోటు దొరకదు. “ఇది ఒక్కచోట ఉండదు” అన్నమాట కన్నా సరిగ్గా ఆ చిత్రం గురించి నేను చెప్పలేను.

సమాధానం 3
చరిత్ర చదివే సభ్యుడు

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. అర్థమంతా రంగులోనూ గీతలోనూ ఉన్నదనడం పూర్తి నిజం కాదు. అదే ధోరణికి చెందిన చిత్రకారుడు రాబర్ట్ మదర్‌వెల్ 1940ల చివరి నుంచి దశాబ్దాల తరబడి, నూటికి పైగా చిత్రాలను ‘స్పానిష్ రిపబ్లిక్‌కు ఎలిజీ’ (ఎలిజీ అంటే శోకగీతం) అన్న ఒకే పేరుతో వేశాడు. తెలుపు మీద నిలువైన నల్లటి పట్టీలు, వాటి మధ్య ఇరుక్కున్న నల్లటి కోడిగుడ్డు ఆకారాలు: చూసినంత మాత్రాన బరువు తెలుస్తుంది, ఊపిరాడనితనం తెలుస్తుంది. కానీ ఆ దుఃఖం 1936 నుంచి 1939 దాకా స్పెయిన్‌లో సాగిన అంతర్యుద్ధంలో కూలిపోయిన ఒక ప్రజాప్రభుత్వం కోసమని పేరు చెబితేనే తెలుస్తుంది. ఫ్రాంజ్ క్లైన్ 1950లో వేసిన ‘చీఫ్’ కూడా అంతే. నల్లని వెడల్పాటి కుంచె దెబ్బల్లో ఒక దూకుడు కనిపిస్తుంది. అది ఆయన పెన్సిల్వేనియా బాల్యంలో చూసిన రైలింజను పేరు అని తెలిశాక ఆ దూకుడుకు ఒక ఊరూ ఒక జ్ఞాపకమూ వస్తాయి. (క్లైన్ చిత్రాల్లో తెలుపును ఖాళీ అనుకోవద్దు, ఆయన నలుపు మీదికి తెలుపును కూడా కుంచెతో వేసి అంచులను కోసేవాడు.)

రంగూ గీతా మనలో ఒక స్థితిని కలిగిస్తాయి. ఆ స్థితి ఎవరి గురించి, దేని గురించి అన్నది చాలాసార్లు పేరు వల్ల, కాలం వల్ల తెలుస్తుంది.

న్యూజెర్సీ పాఠకురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానం రాసినవారిని ఒక్కటి అడుగుతాను. అర్థం ఇంతగా రంగు పొరల్లోనే ఉంటే, కాలక్రమంలో ఆ రంగు వెలిసిపోతే చిత్రం ఏమవుతుంది?

సమాధానం 1 రాసిన సభ్యుడు

ఆ ప్రమాదం నిజంగానే జరిగింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక భోజనశాల కోసం రోత్కో వేసిన పెద్ద చిత్రాలను 1964లో అక్కడ గోడలకు అమర్చారు. ఆయన వాడిన ముదురు ఎరుపులో లిథాల్ రెడ్ అనే రంగుద్రవ్యం ఉంది, అది ఎండకు నిలవదు. పెద్ద కిటికీల వెలుతురులో ఏళ్ళ తరబడి ఉండి ఆ ఎరుపు ఒక్కో చిత్రంలో ఒక్కో తీరుగా వెలిసిపోయింది. 1979 నాటికి వాటిని గోడల నుంచి తీసి భద్రపరచవలసి వచ్చింది. పైన కొత్త రంగు పూస్తే రోత్కో పొరలు కప్పబడిపోతాయి కనుక నిపుణులు కాన్వాసును తాకలేదు. పోయిన రంగు ఎక్కడ ఎంతో లెక్కకట్టి, సరిగ్గా అంతే రంగు వెలుతురును ప్రొజెక్టరుతో చిత్రం మీద పడేటట్టు చేసి, 2014లో ప్రదర్శనకు పెట్టారు. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు ఆ ప్రొజెక్టర్లను ఆపేవారు. అప్పటిదాకా లోతుగా కనిపించిన ఎరుపు సందర్శకుల కళ్ళ ముందే వెలిసిన రంగులోకి వెళ్ళిపోయేది.