ఇల్లినాయ్ రైలుకి ఇచ్చిన భూముల లెక్క ఎవరైనా చెప్తారా?

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ కోసం 1850 నాటి అమెరికా భూదాన చట్టం చదువుతున్నాం. ఫెడరల్ ప్రభుత్వం ఇల్లినాయ్ రాష్ట్రానికి దాదాపు 26 లక్షల ఎకరాలు ఇస్తే, రాష్ట్రం ఆ భూమిని ఇల్లినాయ్ సెంట్రల్ అనే రైలు కంపెనీకి అప్పగించింది, పన్నుల బదులు ఆదాయంలో 7 శాతం తీసుకుంది. మ్యాప్‌లో చూస్తే లైనుకి రెండు పక్కలా చదరంగం బల్లలా ఒక గడి కంపెనీది, పక్క గడి ప్రభుత్వానిది, ఒక్కోటి 640 ఎకరాలు, చూడ్డానికి భలే ఉంది! ప్రభుత్వం తన గడుల రేటు ఎకరం డాలరుంపావు నుంచి రెండున్నరకి పెంచింది.

అర్థం కానిది ఒక్కటే. రైలు రాకముందే రైతులు ఆ రెట్టింపు రేటు పెట్టి కొన్నారా? పొలాలు అమ్ముడుపోకముందే పట్టాలు వేయడానికి డబ్బు ఎలా పుట్టింది, భూమి తాకట్టు పెట్టి బాండ్లు అమ్మడం ఒక్కటే సరిపోయిందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.