ఒకే డ్యూక్ మరణం, రెండు దారుల వారసత్వం: బ్రిటిష్ పీరేజ్ వంశావళిని ఎలా చదవాలి?

ప్రశ్న

బ్రిటన్‌లోని బిరుదాంకిత కుటుంబాల వ్యవస్థ అయిన పీరేజ్ చరిత్రపై ఆసక్తితో, డెవన్‌షైర్ డ్యూకులైన కావెండిష్ వంశానికి ఒక పట్టిక తయారు చేస్తున్నాను. రెండు విషయాలు ఎంత ఆలోచించినా కొలిక్కి రావడం లేదు. తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటిది వారసత్వానికి సంబంధించినది. ఆరవ డెవన్‌షైర్ డ్యూక్ పెళ్లి చేసుకోకుండానే 1858 జనవరిలో మరణించారు. అప్పటికి ఆయన అక్కలు జార్జియానా, హారియెట్ ఇద్దరూ జీవించే ఉన్నారు, ఇద్దరికీ కుమారులూ ఉన్నారు. అయినా డ్యూక్ బిరుదు మేనల్లుళ్లెవరికీ దక్కకుండా, పినతండ్రి మనుమడికి చేరింది. దీనికి భిన్నంగా, 1722లో మొదటి మార్ల్‌బరో డ్యూక్ జాన్ చర్చిల్ మరణించినప్పుడు ఆయన పెద్ద కుమార్తె హెన్రియెటా తన సొంత హక్కుతోనే డచెస్ అయ్యారు. ఆమె తరువాత 1733లో చెల్లెలి కుమారుడు చార్లెస్ స్పెన్సర్ డ్యూక్ అయ్యారు. ఒక కుటుంబంలో ఆడపిల్లల సంతానానికి దక్కినది మరొక కుటుంబంలో ఎందుకు దక్కలేదు?

రెండవది పేర్ల చిక్కు. 1857లో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు ఎన్నికైన లార్డ్ కావెండిష్, 1880లో ప్రధాని పదవి చేపట్టమని రాణి కోరినా అంగీకరించని లార్డ్ హార్టింగ్టన్, 1903లో మంత్రివర్గం నుంచి వైదొలగిన డెవన్‌షైర్ డ్యూక్, ఈ ముగ్గురూ ఒక్కరేనా? అలాగైతే 1882లో డబ్లిన్‌లో హత్యకు గురైన లార్డ్ ఫ్రెడరిక్ కావెండిష్ ఎవరు?

మొదటి జవాబు

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ బిరుదులను సృష్టించిన పత్రాలలోనే ఉంది. ఇంగ్లండ్‌లో డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అనే (పై నుంచి కిందికి ఇదే హోదా క్రమం) బిరుదులను రాజు సాధారణంగా లెటర్స్ పేటెంట్ అనే సనదు ద్వారా ప్రసాదిస్తారు. బిరుదు పొందిన వ్యక్తి తరువాత అది ఎవరెవరికి సంక్రమించాలో ఆ సనదులోనే రాసి ఉంటుంది. చాలా సనదులలో కనిపించే షరతు ఒక్కటే: బిరుదు పొందిన వ్యక్తికి ధర్మపత్ని వల్ల కలిగిన సంతానంలో, మగవారి ద్వారా వచ్చిన మగవారికి మాత్రమే వారసత్వం. 1694లో ఏర్పడిన డెవన్‌షైర్ డ్యూక్ బిరుదు ఈ కోవకు చెందినదే. అందువల్ల వారసుడు లేకుండా డ్యూక్ మరణించినప్పుడు ఆయనకు దగ్గరి బంధువు ఎవరని వెతకకూడదు. ఒక్కొక్క తరం పైకి వెళ్లి, అక్కడి నుంచి మగ శాఖ ఏది మిగిలి ఉన్నదో చూసుకుంటూ కిందికి రావాలి. ఆరవ డ్యూక్‌కు అన్నదమ్ములు లేరు కాబట్టి ఆయన తండ్రి స్థాయిలో దారి మూసుకుపోయింది. తాత అయిన నాలుగవ డ్యూక్ స్థాయికి వెళితే, ఆయన మూడవ కుమారుడు లార్డ్ జార్జ్ కావెండిష్ కనిపిస్తారు. 1831లో బర్లింగ్టన్ ఎర్ల్ అయినది ఈయనే. ఈయన కుమారుడు 1812లోనే మరణించినందున, మనుమడు విలియం 1858లో ఏడవ డ్యూక్ అయ్యారు.

పట్టికలో తప్పక చూపవలసిన మరో బంధం ఉంది. ఏడవ డ్యూక్ భార్య బ్లాంచ్ హోవర్డ్, ఆరవ డ్యూక్ అక్క జార్జియానాకు స్వయానా కుమార్తె. అంటే బిరుదు పినతండ్రి శాఖకు వెళ్లినా, ఏడవ డ్యూక్ పిల్లలు తల్లి వైపు నుంచి ఆరవ డ్యూక్‌కు మేనకోడలి బిడ్డలే. అయితే వారసత్వాన్ని నిర్ణయించినది తండ్రి వైపు బంధమే తప్ప ఈ బంధం కాదు.

మార్ల్‌బరో విషయంలో మూలంలోనే షరతు మారింది. 1702లో బిరుదు వచ్చినప్పుడు మగ సంతానానికే పరిమితమై ఉండేది. జాన్ చర్చిల్‌కు మిగిలి ఉన్న ఏకైక కుమారుడు 1703లో మశూచితో మరణించారు. అప్పటికి ఆయన సైనిక విజయాలకు దేశమంతా రుణపడి ఉన్న కాలం కావడంతో, 1706లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి బిరుదు కుమార్తెలకూ వారి సంతానానికీ వెళ్లేలా వీలు కల్పించింది. హెన్రియెటా కుమారుడు ఆమెకంటే ముందే, 1731లో, సంతానం లేకుండా మరణించినందువల్ల ఆమె చెల్లెలు ఆన్ కుమారుడికి వంతు వచ్చింది. ఇటువంటి ప్రత్యేక షరతులు తరువాతి కాలంలోనూ ఉన్నాయి. మౌంట్‌బాటన్ ఎర్ల్ బిరుదు 1979లో పెద్ద కుమార్తె పాట్రిషియాకు దక్కడానికి కారణం సనదులో ముందే ఆ ఏర్పాటు ఉండటమే.

రెండవ జవాబు

పేర్ల విషయంలో మీ అనుమానం నిజమే. ఆ ముగ్గురూ ఒక్కరే. ఆయన జన్మనామం స్పెన్సర్ కాంప్టన్ కావెండిష్, పుట్టినది 1833లో. 1834లో తండ్రి రెండవ బర్లింగ్టన్ ఎర్ల్ కావడంతో పసివాడిగానే లార్డ్ కావెండిష్ అయ్యారు. 1858లో తండ్రి డ్యూక్ కావడంతో మార్క్విస్ ఆఫ్ హార్టింగ్టన్ అయ్యారు. 1891లో తండ్రి మరణించాక ఎనిమిదవ డెవన్‌షైర్ డ్యూక్ అయ్యారు. డ్యూక్, మార్క్విస్, ఎర్ల్‌ల పెద్ద కుమారులు తండ్రికి ఉన్న చిన్న బిరుదులలో ఒకదాన్ని మర్యాదకు ధరిస్తారు. చట్టం దృష్టిలో వారు సామాన్య పౌరులే, అందుకే హార్టింగ్టన్ 1891 దాకా కామన్స్ సభలో కూర్చోగలిగారు. ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. 1831 నుంచి 1834 దాకా లార్డ్ కావెండిష్ అని పిలిపించుకున్నది ఈయన తండ్రి. ఉత్తరంపై తేదీ చూడకుండా పేరు మాత్రమే చూసి పట్టికలో ఎక్కిస్తే తండ్రి చేసిన పని కొడుకు ఖాతాలో పడుతుంది.

ఫ్రెడరిక్ హార్టింగ్టన్‌కు స్వయానా తమ్ముడు. డ్యూక్, మార్క్విస్‌ల చిన్న కుమారులకు లార్డ్ అన్న మాట తరువాత సొంత పేరు, ఆపై ఇంటిపేరు వస్తాయి. కనుక లార్డ్ ఫ్రెడరిక్ కావెండిష్ అని చదవగానే ఈయన బిరుదుకు వారసుడు కాదని, డ్యూక్‌కో మార్క్విస్‌కో చిన్న కుమారుడని గ్రహించాలి. డ్యూక్, మార్క్విస్, ఎర్ల్‌ల కుమార్తెలకు లేడీ తరువాత సొంత పేరు వస్తుంది. ఎర్ల్ కుమార్తె కనుకనే డయానా పెళ్లికి ముందు లేడీ డయానా స్పెన్సర్ అయ్యారు. ఎర్ల్‌ల చిన్న కుమారులకు, వైకౌంట్, బారన్‌ల పిల్లలందరికీ ఆనరబుల్ అన్న గౌరవవాచకం మాత్రమే ఉంటుంది. ఎనిమిదవ డ్యూక్ 1908లో సంతానం లేకుండా మరణించినప్పుడు, ఫ్రెడరిక్‌కూ పిల్లలు లేనందున, వారి తరువాతి తమ్ముడు లార్డ్ ఎడ్వర్డ్ కుమారుడు విక్టర్ తొమ్మిదవ డ్యూక్ అయ్యారు.

ఇంటిపేరును కూడా నమ్ముకోవద్దని నా సలహా. నెల్సన్ ఎర్ల్ బిరుదు 1835లో, ప్రఖ్యాత నావికాధిపతి సోదరి కుమారుడైన థామస్ బోల్టన్‌కు వచ్చినప్పుడు ఆయన తన ఇంటిపేరునే నెల్సన్‌గా మార్చుకున్నారు. జన్మనామం, పుట్టిన సంవత్సరం ఆధారంగా ఒక్కొక్కరికి ఒక్క పేజీ పెట్టుకుని, బిరుదులన్నీ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో దాని కింద రాసుకుంటే ఈ గందరగోళం చాలావరకు తొలగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్లాంచ్ హోవర్డ్ సంగతి నా పట్టికలో అసలే లేదు. మరో సందేహం: ఆడవారికి హక్కు ఉన్న పాత బిరుదుల్లో, కుమారులు లేకుండా ఇద్దరు ముగ్గురు కుమార్తెలే ఉంటే బిరుదు ఎవరికి వెళుతుంది? అచ్చులో ఉన్న పుస్తకాలన్నీ ఒకే విధంగా చెప్పనప్పుడు దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి?

మూడవ జవాబు

మీ సందేహానికి ఉదాహరణ మీ ఆరవ డ్యూక్ దగ్గరే ఉంది. మధ్యయుగంలోనూ ఆ తరువాతా కొన్ని బారన్ బిరుదులు సనదు లేకుండా, పార్లమెంటుకు హాజరు కమ్మని రాజు పంపిన పిలుపు ద్వారా ఏర్పడ్డాయి. వీటికి కుమారులు లేనప్పుడు కుమార్తెలూ వారసులే, అయితే ఇంగ్లండ్ న్యాయం ప్రకారం అక్కాచెల్లెళ్లందరికీ సమాన హక్కు. బిరుదును ముక్కలు చేయడం కుదరదు కాబట్టి అది ఎవరికీ చెందకుండా నిలిచిపోతుంది. దీన్నే అబెయన్స్ అంటారు. ఆరవ డ్యూక్‌కు బాయిల్ వంశానికి చెందిన నాయనమ్మ షార్లెట్ ద్వారా వచ్చిన క్లిఫర్డ్ బారన్ బిరుదు కూడా ఉండేది. అది 1628లో ఇలాంటి పిలుపుతో పుట్టినది. 1858లో డ్యూక్ బిరుదు ఏడవ డ్యూక్‌కు వెళ్లిన రోజే, ఈ బారన్ బిరుదు అక్కలిద్దరి మధ్య అబెయన్స్‌లో పడింది. ఒకే వ్యక్తి మరణంతో రెండు బిరుదులు రెండు దారుల్లో నడిచాయి. అందువల్ల వ్యక్తికి ఒక వారసుడని కాక, బిరుదుకు ఒక వారసుడని పట్టికలో చూపాలి.

అక్కాచెల్లెళ్ల శాఖలలో ఒక్కటి తప్ప అన్నీ అంతరించినా, లేదా రాజు ఒకరి పక్షాన నిర్ణయించినా బిరుదు మళ్లీ జీవం పోసుకుంటుంది. 1496లో అబెయన్స్‌లో పడిన గ్రే ఆఫ్ కోడ్నర్ బిరుదు 1989లో మళ్లీ వెలుగు చూసింది. ఐదు శతాబ్దాల పాటు ప్రతి శాఖనూ సాక్ష్యాలతో గుర్తించగలిగినందువల్లనే అది సాధ్యమైంది. వంశావళి శాస్త్రం సాధించిన గొప్ప పనుల్లో ఇది ఒకటని నా అభిప్రాయం.

స్కాట్లండ్ పద్ధతి వేరు. అక్కడ ఆడవారికి హక్కు ఉన్న బిరుదు సాధారణంగా నేరుగా పెద్ద కుమార్తెకే వెళుతుంది. 1963లో ఐదవ సదర్లండ్ డ్యూక్ మరణించినప్పుడు, స్కాట్లండ్‌కు చెందిన ప్రాచీన ఎర్ల్ బిరుదు ఆయన సోదరుడి కుమార్తె ఎలిజబెత్‌కు దక్కగా, 1833 నాటి డ్యూక్ బిరుదు దూరపు మగ శాఖకు చెందిన ఎల్స్‌మియర్ ఎర్ల్‌కు వెళ్లింది. బిరుదు ఏ రాజ్యానికి చెందిన పీరేజ్‌లోదో చూడకుండా నియమాన్ని అన్వయిస్తే ఇలాంటి చోట తప్పు దొర్లుతుంది.

నాలుగవ జవాబు

ప్రమాణాల గురించి నేను చెబుతాను. 1826లో మొదలైన, బిరుదు కుటుంబాల వంశావళి గ్రంథమైన బర్క్ పీరేజ్ విస్తారమైనది, జీవించి ఉన్న శాఖలకు చాలా ఉపయోగకరమైనది. కానీ దాని పాత ముద్రణల్లో కుటుంబాలు పంపిన కథలనే చాలాచోట్ల యథాతథంగా అచ్చువేశారు. 1066లో ఇంగ్లండ్‌పై నార్మన్ విజయానికి ముందు నుంచే తమ వంశం ఉన్నదని చెప్పుకున్న ఎన్నో కుటుంబాల వాదనలను ఎడ్వర్డ్ ఫ్రీమన్, హొరేస్ రౌండ్ వంటి చరిత్రకారులు తీవ్రంగా ఖండించారు. కోకేన్ ప్రారంభించిన కంప్లీట్ పీరేజ్ రెండవ ముద్రణ ఇంతకంటే ఎంతో నమ్మదగినది, ఎందుకంటే అది ప్రతి మాటకూ ఆధారం చూపుతుంది. అయితే అందులో బిరుదు ధరించినవారి వివరాలే ప్రధానం. తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం వేరే చోట వెతకవలసిందే.

మూల పత్రాల్లో నాకు అన్నింటికంటే విలువైనవిగా తోచేవి మధ్యయుగపు మరణానంతర విచారణ పత్రాలు. రాజు నుంచి నేరుగా భూమి పొందిన వ్యక్తి మరణించగానే స్థానికులతో జ్యూరీ ఏర్పరచి, మరణించిన తేదీ, భూముల వివరం, వారసుడి పేరు, వయసు నమోదు చేసేవారు. వారసుడి వయసు ఇరవై ఒకటి, ఆపైన అని ఉంటే పుట్టిన సంవత్సరం లెక్కకట్టకండి. అతడు మైనరు కాదని చెప్పడమే అక్కడ ఉద్దేశం. పద్నాలుగు, పదిహేను అని ఉంటే మాత్రం దానికి విలువ ఎక్కువ, ఎందుకంటే మైనరు వారసుడి భూములపై రాజుకు సంరక్షణ హక్కు ఉండేది, కాబట్టి ఆ అంకె విషయంలో అధికారులు జాగ్రత్త వహించేవారు. 1538 నుంచి చర్చి రిజిస్టర్లు, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 నుంచి పౌర నమోదు దొరుకుతాయి.

పుట్టుక చట్టబద్ధమా కాదా అన్నది చివరి మెట్టు. పెళ్లికి ముందు పుట్టి, తల్లిదండ్రుల వివాహంతో ధర్మసంతానంగా గుర్తింపు పొందిన బిడ్డకు 1926 నాటి చట్టం ఎన్నో హక్కులు ఇచ్చినా, బిరుదుల వారసత్వాన్ని స్పష్టంగా మినహాయించింది. ఆంప్ట్‌హిల్ బారన్ బిరుదు వివాదంలో, ఒకప్పుడు కోర్టు ఇచ్చిన చట్టబద్ధత ప్రకటననే 1976లో ప్రభువుల సభ (పార్లమెంటు ఎగువ సభ) ఆఖరి మాటగా తీసుకుంది. దానికి భిన్నంగా, స్కాట్లండ్‌కు చెందిన ప్రింగిల్ ఆఫ్ స్టిచిల్ బారోనెట్ బిరుదు (ఇది పీరేజ్ కిందికి రాని వంశపారంపర్య బిరుదు) విషయంలో 2016లో రాణికి సలహా ఇచ్చే మండలి అయిన ప్రివీ కౌన్సిల్ డీఎన్‌ఏ సాక్ష్యాన్ని స్వీకరించి, ఎన్నో ఏళ్లుగా బిరుదు ధరించిన శాఖను కాదని మరో శాఖకు హక్కు ఉందని తేల్చింది. 2004 నుంచి పీరేజ్ రోల్ (బిరుదు ఉన్నవారి అధికారిక జాబితా) అమలులో ఉన్నందున, కొత్తగా వారసుడైనవారు పత్రాలతో తమ హక్కును నిరూపించుకుని అందులో పేరు ఎక్కించుకుంటే తప్ప అధికారిక పత్రాలలో ఆ బిరుదుతో పిలవరు. కనుక మీ పట్టికలో ఇటీవలి తరాలకు ఆ రోల్‌ను, పాత తరాలకు సనదును, వాటి మధ్య కాలానికి వీలునామాలను, రిజిస్టర్లను ఆధారంగా పెట్టుకుని, అచ్చు పుస్తకాలను దారి చూపే సూచికలుగా మాత్రమే వాడండి.