అప్‌డేట్: నాగపట్నం ఓడలో మూడు సీసాలు తేవచ్చా?

కడప నుంచి పోయి, శ్రీలంకలోని కంకేశంతురై నుంచి నాగపట్నానికి ఓడలో తిరిగొచ్చేటప్పుడు 750 మి.లీ. విస్కీ సీసాలు మూడు తేవచ్చా అని అడిగినాను. జవాబులిచ్చిన అన్నలకు, అక్కలకు వందనాలు. తేలింది ఇదీ.

ఓడైనా విమానమైనా సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే. విస్కీ, వైన్ కలిపే లెక్క. మూడు సీసాలంటే 2.25 లీటర్లు, అంటే పావు లీటరు ఎక్కువ. అందుకే 750వి రెండో, లీటరువి రెండో తెచ్చుకోవడమే మేలు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: భార్యాభర్తల వాటాలు కలిపి 4 లీటర్లు ఒకరే చూపిస్తామంటే బ్యాగేజీ నిబంధనలు ఒప్పవు. ఎవరి సీసాలు వాళ్ల సంచిలో, వాళ్ల పేరు బిల్లుతో ఉంటే మేలు.

పరిమితి దాటితే గ్రీన్ చానెల్లోకి (సుంకం కట్టాల్సిన సరుకు లేనివాళ్లు పోయే దారి) పోవద్దు. సుంకం కట్టాల్సినవాళ్ల రెడ్ చానెల్లో నిలబడి, కస్టమ్స్ వాళ్లకిచ్చే డిక్లరేషన్‌లో సీసాల సంఖ్య, పరిమాణం రాసియ్యండి. విదేశీ విస్కీపై సుంకం సాధారణంగా 150 శాతం దాకా ఉంటుంది. మళ్లీ విదేశం పోయేటప్పుడు తీసుకుపోతామంటే, నిజం రాసినవాళ్లు కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ కింద సీసాలు కస్టమ్స్ దగ్గరే ఉంచమని కోరవచ్చు. రాయకుండా దొరికితే సరుకు జప్తు, పైన జరిమానా.

ఇంకోటి, నేను అసలు ఆలోచించనిది. మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. కస్టమ్స్ వదిలినంత మాత్రాన ఎక్సైజ్ (రాష్ట్ర ఆబ్కారీ శాఖ) అనుమతి వచ్చినట్టు కాదు. నాగపట్నం నుంచి కడపకు తమిళనాడు దాటి రావాల గదా, బయల్దేరకముందే రెండు రాష్ట్రాల ఎక్సైజ్ వాళ్లనూ అడగండి. బిల్లు, ఓడ టికెట్, సుంకం రసీదు ఇల్లు చేరేదాకా పారేయొద్దు. సీసా మూత మాత్రం దారిలో తీయొద్దు.