వీడియోలో సర్వసభ్య సమావేశం: కోరం, ఓట్లు ఎలా లెక్కిస్తున్నారు?

కొత్త_కార్యదర్శి
మా సముదాయంలో 84 ఫ్లాట్లు. గత రెండు సర్వసభ్య సమావేశాలూ కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) లేక వాయిదా పడ్డాయి. ఈసారి వీడియోలో పెడదామని కమిటీ తేల్చి, పని నా నెత్తిన వేసింది. నాలుగు సందేహాలు. కోరం ఎలా లెక్కించాలి? ఒక ఫ్లాటుకు ఒకే ఓటు పడేలా ఎలా చూడాలి? రికార్డింగ్ ఉంచాలా వద్దా? స్మార్ట్‌ఫోను లేని ఏడుగురు పెద్దవాళ్లను ఎలా కలుపుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

మూడో_అంతస్తు
ఉచిత ఖాతాతో మాత్రం దిగకండి. మేము దిగాం. లిఫ్టు మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా అన్న చర్చ మంచి పాకాన పడింది. ఇక ఓట్లు తీసుకుందామని అధ్యక్షుడు నోరు తెరిచేసరికి గడువు ముగిసి అందరం బయటపడ్డాం. మళ్లీ లింకు పంపితే 52 మందిలో 19 మందే తిరిగి వచ్చారు. ఆ వచ్చినవాళ్లంతా లిఫ్టు మార్చాలనే పక్షం. తీర్మానం చేసేశారు. ఏడాదిన్నర అయింది, పై అంతస్తులకూ కింది అంతస్తులకూ ఇప్పటికీ మాటల్లేవు. మధ్యలో ఉన్న నన్ను రెండు పక్షాలూ అనుమానంగానే చూస్తాయి.

తీగలు_కలిపేవాడు
జూమ్ ఉచిత ఖాతాలో గడువు 40 నిమిషాలు. గూగుల్ మీట్‌లో ముగ్గురు, ఆపైన ఉంటే 60 నిమిషాలు. రెండింటిలోనూ 100 మంది దాకానే. 84 ఫ్లాట్లే కదా, సరిపోతుందనుకోకండి. భర్త ఒక ఫోనులో, భార్య ఇంకో ఫోనులో, వేరే ఊళ్లో ఉన్న కొడుకు మూడో ఫోనులో చేరతారు. ఆలస్యంగా వచ్చిన అసలు యజమాని గుమ్మం బయటే నిలబడతాడు. ఒక్క నెలకు డబ్బు కట్టి తీసుకుని సంఘం పద్దులో రాయండి.

నోరు_కట్టిన_సభ్యుడు
వీడియో సమావేశమంటే నాకు ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది. జనరేటర్ ఖర్చు రెండింతలు ఎందుకైందని అడిగాను, అంతే. నా మైకు మూసేశారు. తిరిగి తెరుచుకునే వీలు కూడా తీసేశారు. చాట్‌లో రాద్దామంటే అదీ నిర్వాహకుడికి తప్ప ఎవరికీ కనపడకుండా పెట్టారు. హాలులో అయితే లేచి నిలబడి అరిచేవాణ్ని, నలుగురైనా వినేవారు. మినిట్స్‌లో, అదే సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలో, ఏమని రాశారో తెలుసా? ‘లెక్కలపై సభ్యులు ఎలాంటి అభ్యంతరమూ తెలపలేదు.’

మాజీ_కోశాధికారి
అవతలి పక్షం మాట కూడా వినాలి కదండీ. ఒకే మనిషి పాతిక నిమిషాలు మైకు వదలకపోతే మిగతావాళ్లు ఏం కావాలి? మేము మనిషికి రెండు నిమిషాలని ముందే ప్రకటించాం, చెయ్యి గుర్తు నొక్కిన వరసలోనే పిలిచాం. 70 నిమిషాల్లో ముగిసింది. హాలులో అదే పని మూడు గంటలు పట్టేది, పైగా రెండు కుర్చీలు విరిగేవి.

నోరు_కట్టిన_సభ్యుడు
పాతిక నిమిషాలని మీకెవరు చెప్పారు? మీరు మా సంఘంలో ఉన్నారా? కోశాధికారులందరిదీ ఒకే బడి.

గడప_దాటని_నిజం
కోరం గురించి అడిగారు. మా దగ్గర కెమెరా తెరిచినవాళ్లనే లెక్కిస్తాం. ఒకసారి ఓటుకు ముందు పేర్లు పిలిస్తే పలకనివాళ్లు 14 మంది! లోపలికి వచ్చి, ఫోను బల్ల మీద పడేసి, ఎవరి పని వాళ్లు చూసుకుంటున్నారు.

రాత్రి_డ్యూటీ
ఇది దారుణం. నా ఫ్లాటు మెయింటెనెన్స్ నెలనెలా కడుతున్నాను. నా పడకగదిని 80 మందికి చూపిస్తే తప్ప నేను సభ్యుణ్ని కానా? హాలులో వెనక వరసలో కునుకు తీసేవాళ్లను ఏనాడైనా కోరంలోంచి తీసేశారా?

గడప_దాటని_నిజం
కునుకు తీసినా ఆ మనిషి అక్కడే ఉన్నాడు, తట్టి లేపవచ్చు. తెర మీద పేరును తట్టి లేపగలరా?

రాత్రి_డ్యూటీ
పేరు పిలవండి. పలికితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దానికి మొహం ఎందుకు? కెమెరా తెరిస్తే సిగ్నల్ నిలవని ఇళ్లూ ఉంటాయి.

గడప_దాటని_నిజం
పలికింది యజమానో, అద్దెకు ఉన్నవాడో గొంతు విని చెప్పగలరా? మా దగ్గర ఒక ఫ్లాటు తరఫున అద్దెదారు రెండు తీర్మానాలకు ఓటేశాకగానీ బయటపడలేదు. అన్నట్టు, మూడో_అంతస్తు గారూ, మీ సంఘం 52 మందితో మొదలై 19 మందితో తీర్మానం చేసింది. ఓటు వేళకు కోరం ఉందో లేదో ఎవరైనా చూశారా? మొదట్లో ఉంటే చాలనుకుంటారు, అక్కడే కొంప మునుగుతుంది.

మూడో_అంతస్తు
మొత్తం 72 ఫ్లాట్లు. మా నిబంధనల్లో కోరం మూడో వంతు, అంటే 24. ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. దయచేసి ఈ చర్చ లింకు మా గుంపులో ఎవరూ పెట్టకండి.

ముప్ఫైఏళ్ల_అనుభవం
ముప్ఫై ఏళ్లుగా సంఘాల వ్యవహారాలే చూస్తున్నాను. మీరంతా మైకు, కెమెరా అంటూ కొట్టుకుంటున్నారు. అసలు వీడియోలో సమావేశం పెట్టే అధికారం మీ నిబంధనావళి ఇచ్చిందా? ముందు అది చూడండి. ఇటలీలో 2020 అక్టోబరులో తెచ్చిన సవరణ ప్రకారం యజమానులందరూ ఒప్పుకోవాలి. అది జరిగే పని కాదని నవంబరు చివరికల్లా మెజారిటీ చాలన్నారు. జర్మనీలో 2020 డిసెంబరు 1 నుంచి, సంఘం తీర్మానిస్తే కొందరు హాలులో, కొందరు ఆన్‌లైన్‌లో పాల్గొనవచ్చు. హాలే లేకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లో పెట్టడానికి 2024 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. దానికీ పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు కావాలి, అనుమతి మూడేళ్లకు మించదు.

రాత్రి_డ్యూటీ
ఆయన అడిగింది 84 ఫ్లాట్ల గురించి. మీరు జర్మనీ దాకా వెళ్లారు.

ముప్ఫైఏళ్ల_అనుభవం
చట్టాలు చేసేవాళ్లే ఇంత తడబడ్డారంటే మీ కమిటీ నోటిమాటగా తేల్చేయడం ఎంత ప్రమాదమో అర్థం కావాలి. నిబంధనావళిలో లేకపోతే ముందు నేరుగా సమావేశమై దాన్ని సవరించుకోండి. లేకపోతే ఓడిన పక్షం మీ తీర్మానాన్ని కోర్టుకు లాగుతుంది. అర్థం కానివాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

కొత్త_కార్యదర్శి
నేరుగా పెడితే కోరం రావడం లేదనే కదండీ వీడియోకు వెళ్తున్నది!

తీగలు_కలిపేవాడు
ఓట్ల ప్రశ్న అందరూ దాటేశారు. యాప్‌లోని పోల్ నమ్మకండి, అది లోపలికి వచ్చిన ఒక్కొక్కరినీ ఒక్కో ఓటుగా లెక్కిస్తుంది, ఫ్లాటు సంగతి దానికి తెలియదు. ఒకే ఫోను ముందు కూర్చున్న రెండు ఫ్లాట్లవాళ్లకు ఒక ఓటు, రెండు ఫోన్లున్న ఒక ఫ్లాటుకు రెండు. వెయిటింగ్ రూమ్ పెట్టండి, మీరు అనుమతించేదాకా అందరూ అక్కడే ఆగుతారు. యజమానుల జాబితా పక్కన పెట్టుకుని, పేరుకు ముందు ఫ్లాటు నంబరు రాసినవాళ్లనే లోపలికి రానివ్వండి. పేరు మార్చుకునే వీలు ఆ తర్వాత ఆపేయండి. చిన్న విషయాలకు ఫ్లాటు వారీగా పిలిచి అవును, కాదు రాసుకోండి. 84 పేర్లకు పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. కమిటీ ఎన్నిక మాత్రం తెర మీద వద్దు, రహస్య ఓటంటే విడిగా పెట్టె పెట్టుకోవాల్సిందే. మీ దగ్గర ఓటు విస్తీర్ణాన్ని బట్టి అయితే లెక్క ఇంకోలా ఉంటుంది.

మాజీ_కోశాధికారి
రికార్డింగ్ ఉంచేట్టయితే మొదట్లోనే చెప్పండి, మినిట్స్ ఆమోదం పొందాక తుడిచేయండి. మా రికార్డింగ్‌లో ఒక పెద్దాయన మైకు మూయడం మరిచి నన్ను తిట్టిన తిట్లు స్పష్టంగా ఉన్నాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు వింటుంటాను.

నోరు_కట్టిన_సభ్యుడు
తుడిచేయమన్న మీరే దాచుకుని వింటున్నారా! ఇదండీ వీళ్ల వరస.

బాల్కనీ_మొక్క
మా అమ్మకు స్మార్ట్‌ఫోను లేదు. మామూలు ఫోను నుంచి నంబరు కొట్టి చేరవచ్చన్నారు కానీ మీటింగ్ అంకెలన్నీ నొక్కేలోపు ఆమెకు విసుగొచ్చింది. చివరికి కింద గదిలో ఒక పెద్ద తెర, ఒక మైకు పెట్టి అలాంటివాళ్లందరినీ కూర్చోబెట్టారు. పక్కన కమిటీ మనిషి ఒకరు ఉండి వాళ్ల ఓట్లు ఫ్లాటు నంబరుతో సహా చదివారు. వాళ్లు కెమెరాలో కనపడుతున్నారు కాబట్టి గొడవ రాలేదు.

గడప_దాటని_నిజం
చూశారా, కెమెరా ఉంది కాబట్టే గొడవ రాలేదు.

రాత్రి_డ్యూటీ
మళ్లీ మొదలుపెట్టారా?

కొత్త_కార్యదర్శి
కింద గది ఆలోచన బాగుంది, ఏడుగురికీ రేపే చెబుతాను. నిబంధనావళి తీసి చూశాను. వీడియో అన్న మాటే లేదు, అది రాసింది 1998లో. సవరించాలంటే మూడింట రెండు వంతుల మంది నేరుగా హాజరు కావాలట. ఇళ్లకు వెళ్లి, రానివాళ్ల తరఫున ఇంకొకరు ఓటేసేందుకు అధికార పత్రాలు (ప్రాక్సీలు) పోగుచేస్తే ఆ సంఖ్య కుదురుతుందా? ప్రాక్సీలతో నిబంధనావళి సవరించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మూడో_అంతస్తు
మా దగ్గర ఒకే మనిషి 11 ప్రాక్సీలతో వచ్చాడు. అది ఇంకో కథ, రాత్రికి రాస్తాను.