పీఎన్‌పీఎల్‌ఏ3 జెల్‌లో సగం మంది సీజీ వస్తున్నారు. ఇది నిజమేనా, ఎంజైమ్ సరిగ్గా కోయడం లేదా?

కొత్తజెల్ (ప్రశ్న)

నమస్కారం. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యువులోని ఆర్‌ఎస్738409 మార్పును (డీఎన్‌ఏలో ఒక అక్షరం సీ బదులు జీ కావడం) పీసీఆర్-ఆర్‌ఎఫ్‌ఎల్‌పీతో, అంటే ముక్కను పెంచి, ఎంజైమ్‌తో కోసి, జెల్ మీద కొలతలు చూసే పద్ధతిలో చూస్తున్నాం. 333 బేస్‌పెయిర్ల ముక్కను పెంచి బీటీఎస్‌సీ-1 ఎంజైమ్‌తో కోస్తున్నాం. సీ రకమైతే 200, 133గా తెగాలి. జీ రకమైతే తెగకుండా 333 దగ్గరే నిలవాలి.

కంట్రోల్స్ 100 మందిలో వచ్చిన లెక్క (ఒక్కొక్కరిలో ఈ జన్యువు కాపీలు రెండు కాబట్టి రెండక్షరాలు): సీసీ 48, సీజీ 50, జీజీ 2.

రియాక్షన్ 20 మైక్రోలీటర్లు. అందులో పీసీఆర్ ప్రాడక్ట్ 15, బఫర్ 2, ఎంజైమ్ 0.5, మిగతాది నీళ్లు. 37 డిగ్రీల వాటర్‌బాత్‌లో గంట ఉంచి, 2 శాతం అగరోజ్ జెల్ మీద చూశాం. కంట్రోల్స్ అంటే అల్ట్రాసౌండ్‌లో లివర్ నార్మల్ అని వచ్చినవాళ్లు.

ఈ సీజీలను నమ్మొచ్చా? ఇంకోటి, లివర్ క్యాన్సర్ పేషెంట్ల పారాఫిన్ బ్లాకులు (ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) కొన్ని ఉన్నాయి. వాటిలో టెర్ట్ జన్యువు ప్రమోటర్‌లో (జన్యువును ఆన్ చేసే భాగం) మ్యుటేషన్లు కూడా చూడాలని గైడ్ గారు అంటున్నారు. దానికీ ఇదే పద్ధతి సరిపోతుందా?

పిప్పెట్‌రావు

నమ్మకండి. ముందు మీ అంకెలే చూడండి. జీ అల్లీల్స్ (జీ ఉన్న కాపీలు) మొత్తం 54, అంటే 200లో 0.27. హార్డీ-వైన్‌బర్గ్ (అల్లీల్స్ లెక్క నుంచి జంటల లెక్క అంచనా వేసే సూత్రం) ప్రకారం సీసీ 53, సీజీ 39, జీజీ 7 దాకా రావాలి. మీకు సీజీ 50 వచ్చింది, జీజీ రెండే. ఈ తేడాను కొలిచే కై-స్క్వేర్ 7.2 దాకా తేలుతుంది, 3.84 దాటితేనే అనుమానించాలి. హెటిరోజైగస్‌లు (సీజీ) ఎక్కువై, రెండు హోమోజైగస్‌లూ (సీసీ, జీజీ) తగ్గాయంటే ఈ పద్ధతిలో మొదట పట్టుకోవాల్సిన దొంగ సగం సగం తెగిన సీసీ. తెగకుండా మిగిలిన సీ ముక్క కూడా 333 దగ్గరే కనిపిస్తుంది కాబట్టి దాన్ని జీ అని చదివేస్తాం.

మీ రియాక్షన్‌లో దానికి కారణాలు రెండున్నాయి. మొదటిది వేడి. బీటీఎస్‌సీ-1 పనిచేసేది 50 డిగ్రీల దగ్గర, 37లో దాని పని బాగా తగ్గిపోతుంది. అదే గుర్తింపు వరస ఉన్న బీఎస్‌టీఎఫ్5-1కి 65 కావాలి, ఫోక్-1కి 37 చాలు. పాత పేపర్లలో ఒక ఎంజైమ్ పేరు, మన ఫ్రీజర్‌లో ఇంకో ఎంజైమ్ ఉన్నప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. రెండోది, 20లో 15 వంతులు పీసీఆర్ ప్రాడక్టే. దాంతోపాటు పీసీఆర్ బఫర్‌లోని ఉప్పులు, మెగ్నీషియం, మిగిలిన ప్రైమర్లు కూడా వచ్చి చేరతాయి. ఇలా చేయండి: పీసీఆర్ ప్రాడక్ట్ 8, పదింతల బఫర్ 2, ఎంజైమ్ 1, నీళ్లు 9. ఎంజైమ్ మొత్తంలో పదో వంతు దాటకూడదు, అందులోని గ్లిజరాల్ ఎక్కువైతే వేరే చోట్ల కూడా కోసేస్తుంది. 50 డిగ్రీల్లో 2 గంటలు, మూత వేడెక్కే థర్మోసైక్లర్‌లోనే పెట్టండి. వాటర్‌బాత్‌లో పెడితే నీరు ఆవిరై మూతకు అంటుకుని, అడుగున ఉప్పు చిక్కబడుతుంది. తర్వాత 80 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచితే ఎంజైమ్ ఆగిపోతుంది.

జెల్ 3 శాతం చేయండి, 50 బేస్‌పెయిర్ల ల్యాడర్ వేయండి. 133 బ్యాండ్ 2 శాతంలో పలచగా, పాకినట్టు కనిపిస్తుంది.

బ్యాండ్ మెరుపు చూసి "ఇది సీసీ, కాస్త తెగలేదంతే" అని తేల్చకండి. నిజమైన సీజీలో కూడా 333 బ్యాండ్ అనుకున్నదానికంటే ముదురుగా వస్తుంది. చివరి సైకిళ్లలో ఒక సీ పోగు, ఒక జీ పోగు జతకట్టి హెటిరోడ్యూప్లెక్స్ అవుతాయి, వాటిని ఎంజైమ్ కోయదు. సైకిళ్లు 35 దాటకుండా, వీలైతే 32 దగ్గరే ఆపండి.

ప్రతి జెల్‌లోనూ సాంగర్ సీక్వెన్సింగ్‌తో (డీఎన్‌ఏ అక్షరాలను నేరుగా చదివే పద్ధతి) ఖాయం చేసుకున్న సీసీ శాంపిల్ ఒకటి, జీజీ ఒకటి, డీఎన్‌ఏ లేని ట్యూబ్ ఒకటి ఉండాలి. ఆ సీసీలో 333 దగ్గర ఛాయ కనిపించినా ఆ జెల్ మొత్తం పారేయాల్సిందే.

రెండోకత్తి

పిప్పెట్‌రావు గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఈ మార్పు ప్రోటీన్‌లో 148వ చోట ఐసోల్యూసిన్‌ను మెథియోనిన్‌గా చేస్తుంది, అంటే ఏటీసీ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలు) ఏటీజీ అవుతుంది. సీ ఉన్నచోట వరస సీఏటీసీసీ, దాన్నే బీటీఎస్‌సీ-1 కోస్తుంది. జీ వస్తే అది సీఏటీజీసీ అవుతుంది. అందులోని సీఏటీజీ సరిగ్గా ఎన్‌ఎల్‌ఏ-3 కోసే చోటు! అంటే ఒక ఎంజైమ్ సీని కోస్తే, రెండోది జీని కోస్తుంది. అదే పీసీఆర్ ప్రాడక్ట్‌ను రెండు ట్యూబుల్లో రెండు ఎంజైమ్‌లతో కోయండి. సీజీ అయితే రెండింట్లోనూ తెగాలి. బీటీఎస్‌సీ-1లో సగమే తెగి, ఎన్‌ఎల్‌ఏ-3లో అసలు తెగకపోతే అది సీసీ. మీ ముక్కలో సీఏటీజీ ఇంకెక్కడైనా ఉందేమో సీక్వెన్స్ దగ్గర పెట్టుకుని ముందే వెతకండి, ఉంటే ముక్కల కొలతలు మారతాయి. ఎన్‌ఎల్‌ఏ-3 త్వరగా చచ్చిపోయే ఎంజైమ్, మైనస్ 80లో దాచండి.

డబ్బులుండి టాక్‌మాన్‌కు (కోయకుండా, మెరిసే ప్రోబ్‌లతో సీ, జీలను గుర్తించే పద్ధతి) మారదామనుకుంటే ఒక జాగ్రత్త. దీనికి మూడు బేస్‌ల అవతలే ఆర్‌ఎస్738408 అనే ఇంకో మార్పు ఉంది. జీ ఉన్నవాళ్లలో దాదాపు ఎప్పుడూ అది కూడా మారే ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా సొంతంగా ప్రోబ్ గీస్తే జీ అల్లీల్‌కు సరిగ్గా అతుక్కోదు.

కొత్తజెల్

చాలా థ్యాంక్సండీ, 37 డిగ్రీల పొరపాటు మాదే. శాంపిళ్లన్నీ మళ్లీ చేస్తాం. కంట్రోల్స్ విషయం కూడా చెప్పగలరా?

గణాంకం_పద్మ

అల్ట్రాసౌండ్ నార్మల్ అంటే లివర్‌లో కొవ్వు లేదని కాదు. కొవ్వు 20-30 శాతం కణాల్లో చేరాక గానీ అది గట్టిగా పట్టుకోలేదు. బయాప్సీ లెక్కలో 5 శాతం దాటితేనే ఫ్యాటీ లివర్. అంటే మీ కంట్రోల్స్‌లో కొందరు కేసులే, దానివల్ల తేడా మరుగున పడుతుంది. కుదిరితే ఫైబ్రోస్కాన్‌లో క్యాప్ విలువ (లివర్‌లో కొవ్వు కొలత) తీసుకోండి. మద్యం వారానికి ఎంతో గ్రాముల్లో రాయండి (మగవాళ్లకు 210, ఆడవాళ్లకు 140 హద్దు). హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌సీవీ (హెపటైటిస్ బీ, సీ పరీక్షలు), బీఎంఐ, నడుము కొలత, హెచ్‌బీఏ1సీ (షుగర్ పరీక్ష) కేసులకూ కంట్రోల్స్‌కూ ఒకేలా చూడాలి.

ఎంతమంది కావాలి? కంట్రోల్స్‌లో జీ 0.25 అనుకుందాం. ఆడ్స్ రేషియో (జీ వల్ల జబ్బు అవకాశం ఎన్నింతలో చెప్పే కొలత) 2 పట్టుకోవాలంటే, 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), ఒక్కో వైపు 75 మంది చాలు. అదే 1.5 అయితే ఒక్కో వైపు 230 మంది దాకా కావాలి. చాలా థీసిస్‌లు ఇక్కడే చతికిలబడతాయి.

ఇంకొకటి, మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక్కడ పెళ్లిళ్లు తరతరాలుగా ఒకే కులంలో జరుగుతాయి కాబట్టి అల్లీల్ లెక్కలు ఒక్కో సమూహంలో ఒక్కోలా ఉంటాయి. బ్యూటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం వైశ్యుల్లో ఎక్కువ కావడం తెలిసిందే. కేసులు ఒక ఊరి కార్పొరేట్ ఆసుపత్రి నుంచి, కంట్రోల్స్ ఇంకో ఊరి రక్తదాన శిబిరం నుంచి తెస్తే మీరు కొలిచేది జబ్బు కాదు, సమూహాల మధ్య తేడా. పోల్చుకోవడానికి 1000 జీనోమ్స్ (ప్రపంచంలోని వేర్వేరు సమూహాల జన్యు వివరాల ప్రాజెక్టు) డేటాలో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు సుమారు 100 మంది ఉన్నారు, ఐటీయూ అనే పేరుతో ఉచితంగా దొరుకుతుంది. దక్షిణాసియా మొత్తం మీద జీ సుమారు నాలుగో వంతు. మీ కంట్రోల్స్ దానికి చాలా దూరంగా ఉంటే మళ్లీ జెల్ దగ్గరికే వెళ్లాలి.

పారాఫిన్

క్యాన్సర్ బ్లాకుల సంగతి పూర్తిగా వేరు. పీఎన్‌పీఎల్‌ఏ3 పుట్టుకతో వచ్చే మార్పు, రక్తంలో చూస్తే చాలు. టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషన్ గడ్డలో మాత్రమే పుడుతుంది, దాన్ని రక్తకణాల్లో వెతికితే దొరకదు. ఎక్కువగా వచ్చేది మైనస్ 124 దగ్గర (ప్రోటీన్ కోడ్ మొదలయ్యే చోటుకు 124 బేస్‌ల ముందు) సీ నుంచి టీ మార్పు, దాన్నే సీ228టీ అంటారు.

ఫార్మలిన్ డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది కాబట్టి ప్రాడక్ట్ 150-200 బేస్‌పెయిర్లు దాటకూడదు. ఫార్మలిన్ వల్ల సైటోసిన్ పాడై యురాసిల్ అవుతుంది, పీసీఆర్‌లో అది సీ నుంచి టీ మార్పులా చదవబడుతుంది. మీరు వెతికే మ్యుటేషన్ కూడా అదే రకం! అందుకే పీసీఆర్‌కు ముందు యురాసిల్ డీఎన్‌ఏ గ్లైకోసిలేజ్‌తో శుభ్రం చేయండి, ప్రతి పాజిటివ్‌నూ విడిగా ఇంకోసారి పీసీఆర్ చేసి చూడండి. అబద్ధపు మార్పు రెండోసారి అదే చోట రావడం అరుదు. ఆ ప్రాంతం జీసీలతో నిండి ఉంటుంది, 5 శాతం డీఎంఎస్‌ఓ వేయకపోతే బ్యాండే రాకపోవచ్చు. సాంగర్ 15-20 శాతం కంటే తక్కువ ఉన్న మార్పును చూపదు, కాబట్టి పాథాలజిస్టు చేత గడ్డ ఉన్న భాగాన్ని స్లైడ్ మీద గీయించి అంతవరకే గీరండి. సిర్రోసిస్ కణజాలం కలిస్తే పాజిటివ్ కూడా నెగటివ్‌లా కనిపిస్తుంది.

అదే డీఎన్‌ఏ మిగిలితే టీపీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువు)లో 249వ కోడాన్ ఏజీజీ నుంచి ఏజీటీగా మారిందేమో కూడా చూడండి. అఫ్లాటాక్సిన్ ప్రభావానికి అది గుర్తు. బూజు పట్టిన వేరుశనగలో ఉండే ఆ విషం మీద పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది, వేరుశనగ మన పంట కూడా. ఏజీజీసీసీసీలో ఉన్న జీజీసీసీని హే-3 కోస్తుంది. ఏజీటీ అయితే ఆ చోటు పోతుంది, తెగదు. ఇక్కడ కూడా తెగకపోవడమే పాజిటివ్ కాబట్టి, పైన జరిగిన తప్పే మళ్లీ జరగొచ్చు. తెగని ప్రతి బ్యాండ్‌నూ జెల్ నుంచి కోసి సీక్వెన్స్ చేయించాకే రాసుకోండి.