ఏకాంతమా, ఒంటరితనమా? ఒక సమాధి మీది మాట

నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన అమెరికా నాయకుడు థాడియస్ స్టీవెన్స్ సమాధి వాక్యాన్ని తెలుగు చేస్తూ, నిన్న ఒకరు 'సాలిట్యూడ్'కి 'ఒంటరితనం' అని పెట్టారు. అక్కడ 'ఏకాంతం' ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఏకాంతం మనం కోరుకునేది, ఒంటరితనం మన మీద వచ్చిపడేది. ఆయన అంటున్నది 'ఏకాంతం ఇష్టమై ఇక్కడికి రాలేదు' అని. ఒంటరితనం ఇష్టం లేదని ఎవరైనా రాతిలో చెక్కించుకుంటారా?

ఆయన కథ తెలిస్తే ఆ వాక్యం బరువు తెలుస్తుంది. 1792లో వెర్మాంట్‌లో పుట్టాడు, పుట్టుకతోనే పాదం వంకర. పెన్సిల్వేనియాలో గెటీస్‌బర్గ్‌లోనూ తర్వాత లాంకాస్టర్‌లోనూ వకీలుగా పనిచేశాడు. 1838లో ఆ రాష్ట్ర కొత్త రాజ్యాంగం నల్లవాళ్ల ఓటు తీసేస్తే, దాన్ని రాసిన సభలో సభ్యుడై ఉండి కూడా సంతకం పెట్టలేదు. తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో, నల్లవాళ్లకూ పౌరసత్వం, చట్టం ఎదుట సమాన రక్షణ ఇచ్చే 14వ రాజ్యాంగ సవరణ కోసం పోరాడాడు. అది 1868 జులైలో ఆమోదం పొందింది, ఆగస్టు 11న ఆయన పోయాడు. తెల్లవాళ్లకే చోటిచ్చే శ్మశానాలు వద్దని, అందరినీ రానిచ్చే ఒక చిన్న శ్మశానాన్ని ఎంచుకున్నాడు. కులానికో శ్మశానం ఉన్న ఊళ్లు చూసిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నా ప్రయత్నం ఇది:

"ఈ ప్రశాంతమైన మారుమూల చోట విశ్రమిస్తున్నాను. ఏకాంతం మీద సహజమైన మక్కువతో కాదు. మిగతా శ్మశానాల నిబంధనలు జాతిని బట్టి చోటిస్తున్నాయని తెలిసి, సుదీర్ఘ జీవితమంతా నేను వాదించిన సూత్రాన్ని, సృష్టికర్త ఎదుట మనుషుల సమానత్వాన్ని, నా చావులోనూ చూపాలని దీన్ని ఎంచుకున్నాను."

'సృష్టికర్త ముందు' అనకపోవడానికి కారణం ఉంది. 'ఆయన ముందు నేనెంత' అంటాం కదా, 'ముందు'లో పోలిక కూడా వినబడుతుంది. 'ఎదుట' అంటే ఎదురుగా నిలబడటమే. 'సన్నిధిలో' అంటే గుడి వాసన వస్తుంది. 'జాతి' మీద మాత్రం నాకూ తృప్తి లేదు. తెలుగు జాతి, మానవజాతి అని మంచి అర్థంలో వాడే మాట ఇక్కడ అడ్డుగోడ అయింది. 'వర్ణం' పెడదామంటే అది మన చెవికి కులంలా వినిపిస్తుంది.

ఇక 'విశ్రమిస్తున్నాను'. మన క్రైస్తవ సమాధుల మీద 'ప్రభువునందు నిద్రించెను' అని చూస్తాం. 'నిద్రిస్తున్నాను' అంటే ఇంకా దగ్గరగా ఉంటుందా? చర్చి తెలుగు బాగా తెలిసినవారు చెప్పండి.