పాత సెస్నాకి వెంచురీ ఉంచాలా, పీకేయాలా?

రెక్కలమావ: టెక్సస్‌లో నలుగురం కలిసి 1946 నాటి సెస్నా 140 అనే చిన్న విమానాన్ని బాగుచేయిస్తున్నాం. పరికరాల్లోని జైరోలను (వేగంగా తిరిగే చక్రాలను) తిప్పేది బయట పక్కన బిగించిన వెంచురీ గొట్టం. దాన్ని తీసేసి ఎలక్ట్రానిక్ హొరైజన్ (దిగంతానికి విమానం ఎంత ఒరిగిందో చూపే పరికరం) పెడదామని ఇద్దరు, ముట్టుకోవద్దని ఇద్దరు. మీరేమంటారు?

పాతఇంజిన్: ఉంచండి. తిరిగే ముక్క ఒక్కటీ లేనిది పాడవడానికేముంది? గొట్టం నడుము సన్నం. అక్కడ గాలి దూసుకెళ్తే పీడనం పడిపోతుంది. ఆ లాగుడుకి క్యాబిన్ గాలి ఫిల్టర్ గుండా పరికరంలోకి వచ్చి జైరో చక్రం (రోటర్) అంచునున్న గుంటలను కొట్టి తిప్పుతుంది. అదే ఆ లాగుడు కోసం ఇంజిన్‌కి బిగించే, ఆయిల్ లేని డ్రై పంపు అయితే కార్బన్ రెక్కలు అరిగి, ఓ రోజు చెప్పాపెట్టకుండా విరుగుతాయి.

మబ్బుదారి: పాడవదు సరే, పనిచేసేదెప్పుడండీ? నేల మీద గాలి వేగమే ఉండదు కాబట్టి టేకాఫ్‌కి జైరో సిద్ధంగా ఉండదు. లేచాక కూడా రోటర్ వేగం అందుకోవడానికి నిమిషాలు పడుతుంది. విమానం ఎంత వేగంగా మలుపు తిరుగుతోందో చూపే టర్న్ అండ్ బ్యాంక్‌కి 2 అంగుళాల పాదరసమంత సక్షన్ (లాగుడు) చాలు. హొరైజన్‌కి మాత్రం 4.5 నుంచి 5.5 దాకా కావాలి. ఇక మంచు పట్టే మబ్బులో ఆ గొట్టం మూసుకుపోయిందంటే అంతే. సక్షన్ పోగానే హొరైజన్ పడిపోతే నయమే, తెలిసిపోతుంది. అది మెల్లగా ఒరుగుతుంది, నిజమనుకుని పైలట్ కూడా దానితోపాటు ఒరుగుతాడు.

పాతఇంజిన్: 85 గుర్రాల ఇంజిన్‌తో మబ్బుల్లోకి వెళ్లేదెవరు బాబూ! పగటిపూట అసలు హొరైజన్ కిటికీలోనే కనిపిస్తుంది.

మబ్బుదారి: అలాగైతే జైరోలే వద్దు, బరువైనా తగ్గుతుంది!

గాలివాటం: మధ్యలో దూరుతున్నా. లోపల ఆయిల్ తడితో తిరిగే వెట్ పంపు ఏళ్లతరబడి పనిచేస్తుంది, కాకపోతే విమానం పొట్టంతా జిడ్డు చేస్తుంది. పైపర్ జే-3 కబ్‌లాంటి వాటికి కరెంటే లేదు, కాబట్టి వెంచురీయే గతి. మీదానికి జనరేటర్ ఉందంటే గార్మిన్ జీ5 అనే ఎలక్ట్రానిక్ హొరైజన్ చూడండి. 2016 నుంచి సర్టిఫైడ్ (ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న) విమానాల్లో పెట్టే వీలుంది. జనరేటర్ పోయినా దాని బ్యాకప్ బ్యాటరీ 4 గంటల దాకా లాగుతుంది. నా ఓటు దానికే.

రెక్కలమావ: పాత హొరైజన్ బేరింగులు ఎలాగూ ఓవర్‌హాల్‌కి పంపాలి. ఆ కొటేషన్ రానివ్వండి, దాన్నిబట్టి చూద్దాం.

మబ్బుదారి: గొట్టం తీస్తే వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం (విమానం బరువు ఎంతో, ఎక్కడ పడుతోందో రాసేది) కూడా మార్పించండి, చాలామంది మరిచిపోతారు.